మదర్‌జేన్ బ్యాండ్ ఎవరికైనా గుర్తుందా? ఇన్నేళ్లకు మళ్లీ వింటున్నాను

వేళచ్చేరి_వయొలిన్ (చెన్నై)

కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్ ఇక్కడ ఎవరికైనా గుర్తుందా? 2008లో ‘మక్తూబ్’ అని ఆల్బమ్ వచ్చింది. సూరజ్ మణి పాడేవాడు, బైజు ధర్మజన్ లీడ్ గిటార్. నేను అప్పుడు చెన్నైలోనే ప్లస్ వన్ చదువుతున్నాను. మా క్లాసులో రాక్ వినేవాళ్లంతా లింకిన్ పార్క్, గ్రీన్ డే దగ్గరే ఉండేవాళ్లు. ఇంట్లో చూస్తే వయొలిన్ క్లాసు, వర్ణాలు, కీర్తనలు, కచేరీల నెల మార్గళి వచ్చిందంటే అమ్మ వెంట సభల చుట్టూ తిరగడం. మా పిన్ని కొడుకు గిండీలో ఇంజనీరింగ్ చేసేవాడు, వాడు ఒక పెన్‌డ్రైవ్‌లో ఈ ఆల్బమ్ ఎక్కించి ఇచ్చాడు. ‘చేజింగ్ ద సన్’, ‘బ్రోకెన్’, ‘ఫీల్డ్స్ ఆఫ్ సౌండ్’, ‘కర్మిక్ స్టెప్స్’... ప్లస్ టూ అయ్యేదాకా నాకు వేరే పాటల ధ్యాస లేదు. క్లాసులో ఎవరికి వినిపించినా “ఎవరు వీళ్లు, మలయాళం వాళ్లా?” అని ఇయర్‌ఫోన్ తిరిగి ఇచ్చేసేవాళ్లు.

తర్వాత కాలేజీ, ఉద్యోగం, పెళ్లి, పాప. వయొలిన్ మాత్రం వదల్లేదు. ఈ బ్యాండ్‌ను పూర్తిగా మర్చిపోయాను. ఈ మధ్య యూట్యూబ్‌లో వాళ్ల పాత లైవ్ ఒకటి తగిలింది. అప్పట్నుంచి ఆఫీసుకి వెళ్తూ వస్తూ అదే వింటున్నాను.

ఆ వయసులో పిచ్చిగా ఇష్టపడ్డ పాటలు చాలావరకు ఇప్పుడు వింటే రెండు నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నాను. మదర్‌జేన్ అలా కాదు. అప్పుడు నాకు వినపడనివి కూడా ఇప్పుడు వినపడుతున్నాయి. దాని గురించి వివరంగా రాయాలని ఉంది, ముందు వినేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో చెప్పండి.

---

కోరమంగళ_బేస్ (బెంగళూరు)

ఉన్నాం అక్కా! మా హాస్టల్‌లో ఒక మలయాళీ సీనియర్ పుణ్యమా అని తెలుసు. నేను బేస్ గిటార్ పట్టుకుందే ‘బ్రోకెన్’ వాయిద్దామని. క్లైడ్ రొజారియో బేస్ లైన్లు పైకి సింపుల్‌గా ఉంటాయి గానీ, డ్రమ్మర్ జాన్ థామస్‌తో కలిపి వాయించాలని చూస్తే తెలుస్తుంది ఎంత బిగువుగా ఉంటాయో.

రాయండి అక్కా, వివరంగానే రాయండి.

---

నెల్లూరు_టు_గిండీ (చెన్నై)

అబ్బా, ఎన్నాళ్లకు విన్నాను ఈ పేరు.

నేను ఐఐటీలో చదవలేదు, పక్కనే ఉన్న కాలేజీ. కానీ ఐఐటీ మద్రాసు వాళ్ల కల్చరల్ ఫెస్ట్ సారంగ్ అంటే జనవరిలో మాకు పండగ. పాస్ కోసం ఎవరెవరినో బతిమాలి, లోపల ఆ చెట్ల కింద జింకల్ని చూసుకుంటూ ఓపెన్ ఎయిర్ థియేటర్ దాకా నడిచి వెళ్లేవాళ్లం. 2009లో ఓపెత్ వచ్చింది అక్కడికే. స్వీడన్ బ్యాండ్ అడయార్ పక్కన వాయించడమేంటని మాకు నమ్మకం కుదర్లేదు. ఆ రోజుల్లో పెద్ద షో అంటే బెంగళూరే. 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్‌కి మా రూమ్‌మేట్లు రాత్రి రైలెక్కి జనరల్ బోగీలో నిలబడి వెళ్లారు, నాకు ఇంట్లో డబ్బులు ఇవ్వలేదు. 2011లో మెటాలికాకి మాత్రం ఉద్యోగం వచ్చేసింది, సొంత డబ్బుతో వెళ్లాను.

మదర్‌జేన్ విషయానికొస్తే మాకందరికీ బైజు ధర్మజనే దేవుడు. స్టేజీ మీద హడావుడి ఏమీ చేయడు, ఓ పక్కన నిలబడి తల వంచుకుని వాయించుకుంటాడు. కానీ సోలో మొదలైందంటే గ్యాలరీ మొత్తం నోరు మూసుకునేది. నా పక్కనున్న తమిళబ్బాయి ఒకడు కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు, రాక్ షోలో! అది నా కళ్లతో చూశాను.

---

శంకలు_తీరవు (హైదరాబాద్)

అందరూ ఆనందంగా ఉన్న చోట అడ్డం పడుతున్నానేమో, కానీ మనసులో ఉన్నది చెప్పాలి. పదహారు, పదిహేడేళ్ల వయసులో విన్నది ఏదైనా మెదడులో గట్టిగా దిగబడిపోతుంది. మనస్తత్వ శాస్త్రం వాళ్లు ఎప్పట్నుంచో చెబుతున్నదే ఇది, నడివయసులో ఎవర్ని అడిగినా టీనేజీ నుంచి పాతికేళ్లలోపు జ్ఞాపకాలే ఎక్కువ చెబుతారు, పాటలైతే మరీను. మీకు నచ్చుతున్నది ఆ బ్యాండా, ఆ వయసా? నేను ఇప్పుడే ఒక పాట విన్నాను. బాగానే ఉంది. మంచి రాక్ పాట. అంతకు మించి నాకు ఏమీ కనపడలేదు.

---

వేళచ్చేరి_వయొలిన్

శంకలు గారూ, అడ్డం పడటమేమీ కాదు, అడగాల్సిన ప్రశ్నే. నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే కాబట్టి ఇక్కడే రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మనకు కర్ణాటక సంగీతంలో అన్నిటికన్నా ముందు శ్రుతి. తంబురా గానీ శ్రుతిపెట్టె గానీ స-ప-స అని వెనకాల మోగుతూనే ఉంటుంది. ఆ స, అంటే షడ్జమం, కదలదు. దాని మీద నిలబడే మిగతా స్వరాలకు అర్థం వస్తుంది. పాశ్చాత్య సంగీతంలో కింద కార్డ్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, మారుతూ ఉంటుంది, కార్డ్ మారితే పైన అదే స్వరం పట్టుకున్నా రుచి మారిపోతుంది. అందుకే మన రాగాన్ని తీసుకెళ్లి కార్డ్‌ల మీద పెడితే చాలాసార్లు అతకదు, సినిమా పాటల్లో రాగం వాసన మాత్రమే మిగులుతుంది.

ఇప్పుడు హెవీ రాక్‌లో రిథమ్ గిటార్ ఏం వాయిస్తుందో చూడండి. పవర్ కార్డ్. అందులో ఉండేది మూల స్వరం, దాని పంచమం, పైన మళ్లీ మూల స్వరం. మేజరా, మైనరా అనే పాశ్చాత్య తేడాను తేల్చే గాంధారం (గ) ఉండదు. ఉండదు కాబట్టే అది మేజరూ కాదు, మైనరూ కాదు. స-ప-స! మా టీచర్ గారి ఇంట్లో శ్రుతిపెట్టెలో మోగేది అదే కదా. దానికి డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టి పదింతలు సౌండ్ చేస్తే రాక్ అయింది. మదర్‌జేన్‌లో కొన్ని చోట్ల బేస్, రిథమ్ గిటార్ రెండూ ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడతాయి, ఆ నేల మీద బైజు గిటార్ గమకాలతో, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ, నడుస్తుంది. అక్కడ రాగానికి ఊపిరాడుతుంది.

పదహారేళ్లప్పుడు ఇదంతా నాకు తెలీదు. విన్నప్పుడల్లా ఇల్లులా అనిపించేది, అంతే. ఇప్పుడు వయొలిన్ పట్టుకుని ఆ సోలో వెంట వాయిస్తుంటే ఎందుకు అనిపించిందో చేతికి తెలుస్తోంది. వయసు మీద మమకారం లేదనను, ఉంది, బోలెడు ఉంది. కానీ ఆ వయసులో నాతో పాటు ఉన్న మిగతా పాటలన్నీ రాలిపోయి ఇదొక్కటే ఎందుకు మిగిలిందో మమకారం ఒక్కటీ చెప్పలేదు.

---

కోరమంగళ_బేస్

“గాంధారం ఉండదు కాబట్టే మేజరూ కాదు, మైనరూ కాదు” — ఇన్నేళ్లుగా బేస్ వాయిస్తున్నా, శ్రుతిపెట్టెతో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు అక్కా. ఇవాళ ప్రాక్టీసులో మా గిటారిస్టును ఒకే పవర్ కార్డ్ మీద ఉండమని చెప్పి చూస్తాను.

---

బొబ్బిలి_తీగ (బెంగళూరు)

నేను వీణ వాయిస్తాను, రాక్ గురించి పెద్దగా తెలియదు. మా అబ్బాయి ఈ చర్చ చూపించి “అమ్మా, నీకు నచ్చుతుంది విను” అంటే ‘ఫీల్డ్స్ ఆఫ్ సౌండ్’ విన్నాను. డ్రమ్స్ మోతకు మొదట కాస్త బెదిరాను, కానీ గిటార్ దగ్గర చెవి ఆగిపోయింది.

వేళచ్చేరి గారూ, మీరు వయొలిన్ వాళ్లు కదా, మీకు తీగ కింద అడ్డంగా ఉండే మెట్లు లేవు. వేలు జారిస్తే చాలు, ఏ స్వరానికైనా వెళ్లిపోవచ్చు. మాకు వీణలో మైనంలో దిగేసిన ఇరవై నాలుగు మెట్లు ఉంటాయి. గమకం కావాలంటే మెట్టు మీద తీగను పక్కకు లాగాలి. ఒక్క మెట్టు మీదే లాగుతూ మూడు నాలుగు స్వరాలు పలికిస్తాం. ఎంత లాగితే ఏ స్వరం వస్తుందో వేలికి తెలియాలి, దానికి ఏళ్లు పడుతుంది. గిటార్‌లో వాళ్లు బెండ్ అంటారని మా అబ్బాయి చెప్పాడు. అదీ ఇదీ ఒకటే పని.

అయితే లాగితే శ్రుతి పైకే వెళుతుంది, కిందికి రాదు. కింది స్వరానికి దిగే గమకం కావాలంటే ఏం చేయాలంటే, కింది మెట్టు మీద తీగను ముందే లాగి పట్టుకుని, పై స్వరంలో మీటి, మెల్లగా వదలాలి. ఈ గిటారిస్టు అదే చేస్తున్నాడు. మామూలుగా గిటార్ వాళ్లు స్వరానికి చేరుకున్నాక దాని మీద ఊపుతారు. ఈయన స్వరం మీద నిలబడకుండా అటూ ఇటూ పక్క స్వరాలను తాకుతూ పోతున్నాడు, మన కంపితంలా. విని నేర్చుకున్న చెయ్యి అది. పుస్తకంలో రాగం స్కేలు చూసి వాయించేవాళ్లకు ఇలా రాదు.

---

శంకలు_తీరవు

అమ్మగారూ, మీరు చెప్పాక మళ్లీ విన్నాను, ఆ ముందే లాగి వదలడం అన్నచోట ప్రత్యేకంగా చెవి పెట్టి. ఇప్పుడు పట్టుకోగలుగుతున్నాను. మొదటిసారి విన్నప్పుడు అది ఏదో గిటార్ ఎఫెక్ట్ అనుకుని దాటిపోయాను. ఇంకా వింటాను.

---

పాత_క్యాసెట్ (చెన్నై, పెరంబూర్)

బాబూ, ఇదంతా చదువుతుంటే మనవాణ్ణి ఒకణ్ణి ఎవరూ తలుచుకోలేదేమిటా అనిపించింది. పాలకొల్లు కుర్రాడు, మాండలిన్ శ్రీనివాస్. కరెంటు పెట్టి, మెట్లున్న వాయిద్యం మీద గమకం పలికించడం మనకు కొత్తా? ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, పిల్లవాడు విని మాండలిన్ మీద దింపేవాడు. పొద్దున బొబ్బిలి అమ్మాయి “విని నేర్చుకున్న చెయ్యి” అని రాసింది చూడండి, అదీ సంగతి. మామూలు మాండలిన్‌కి నాలుగు జంట తీగలుంటాయి, జంట తీగలను లాగి గమకం తేవడం కష్టమని ఆయన ఒంటి తీగలవి అయిదు పెట్టించుకున్నాడు. చెన్నై సభల్లో పెద్దలు మొదట ఇదేం వాయిద్యమని ముఖం చిట్లించినవాళ్లే తర్వాత ముందు వరుసలో కూర్చున్నారు.

2014 సెప్టెంబరులో ఇక్కడే చెన్నైలో పోయాడు, నలభై అయిదేళ్లకే. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను.

మీ కొచ్చి కుర్రాళ్లను కూడా వింటాను. నాకు ఇంగ్లీషు పాటలు అర్థం కావు, గిటార్ వినడానికి అర్థంతో పనేముంది.

---

వేళచ్చేరి_వయొలిన్

బాబాయ్ గారూ, కళ్లు చెమర్చాయి. మా అమ్మ నన్ను చిన్నప్పుడు ఆయన కచేరీకి తీసుకెళ్లింది. బహుశా అందుకేనేమో ఎలక్ట్రిక్ వాయిద్యం మీద గమకం వింటే నాకు ఎప్పుడూ వింత అనిపించలేదు.

ఇదే వరుసలో ఇంకో పేరు కూడా చెప్పాలి, గిటార్ ప్రసన్న. ఐఐటీ మద్రాసులో నేవల్ ఆర్కిటెక్చర్ చదివి, తర్వాత అమెరికాలో బర్‌క్లీ సంగీత కాలేజీకి వెళ్లి, గిటార్ మీద పూర్తి కర్ణాటక కచేరీ చేసే ఆయన. ప్రసన్నది కచేరీ మార్గం, బైజుది రాక్ మార్గం. నాకు ఇద్దరూ కావాలి, కానీ పదహారేళ్ల పిల్ల మంచం మీద బోర్లా పడుకుని ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏడవడానికి మాత్రం బైజు, సూరజ్ మణే కావాలి.

---

కొత్త_చెవులు (బెంగళూరు)

నాకు ఇరవై ఏళ్లు, ఇందిరానగర్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నా. అవియల్ బ్యాండ్ తెలుసు, వాళ్ల ‘నడ నడ’ పాట మా రూమ్‌లో రోజూ మోగుతుంది. మదర్‌జేన్ పేరే వినలేదు. రెండూ కేరళవే కదా, సంబంధం ఏమైనా ఉందా? ఇంకో సంగతి, ఇప్పుడు వాళ్లు ఉన్నారా విడిపోయారా?

---

కోరమంగళ_బేస్

ఉంది తమ్ముడూ. అవియల్‌లో గిటార్ వాయించిన రెక్స్ విజయన్ మొదట్లో మదర్‌జేన్‌లో ఉన్నవాడే. తర్వాత మలయాళం సినిమాలకు సంగీతం కూడా చేశాడు. అవియల్ ఆల్బమ్ కూడా 2008లోనే వచ్చింది. అవియల్ మలయాళంలో పాడింది కాబట్టి జనానికి గుర్తుండిపోయింది, మదర్‌జేన్ ఇంగ్లీషులో పాడింది. నా లెక్కలో మదర్‌జేన్‌ను జనం మర్చిపోవడానికి సగం కారణం అదే. ఇంగ్లీషు వినేవాళ్లు “మనకు అసలు సరుకే ఉండగా ఇండియన్ బ్యాండ్ ఎందుకు” అనుకున్నారు, మిగతావాళ్లు దాని దాకా రాలేదు.

బ్యాండ్ 1996లో మొదలైంది. 2010లో బైజు బయటికొచ్చేశాడు. మా గ్యాంగ్‌లో అది చావు కబురులా నడిచింది. తర్వాత సూరజ్ మణి కూడా వెళ్లిపోయి సొంతంగా పాటలు చేసుకున్నాడు. బైజు కూడా సొంత బ్యాండ్‌తో వాయిస్తూ వచ్చాడు, వెతికి విను, అవి కూడా బాగుంటాయి.

---

నెల్లూరు_టు_గిండీ

ఇంగ్లీషు గురించి అన్నది ఒప్పుకోను బ్రో. ఇంగ్లీషులో పాడినందుకే కదా చెన్నైలో తెలుగువాళ్లం, తమిళులు, మలయాళీలు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు అందరం ఒకే గ్యాలరీలో కూర్చుని గొంతు కలిపింది. మరుగున పడటానికి కారణం వేరే. అప్పట్లో ఇలాంటి బ్యాండ్ల సమాచారం మొత్తం అప్పటి సోషల్ సైట్లయిన ఆర్కుట్ కమ్యూనిటీల్లో, మైస్పేస్ పేజీల్లో ఉండేది. ఏ షో ఎక్కడ, పాట సాహిత్యం ఏంటి, గిటార్ ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో చూపే రాత) ఎవరు రాశారు, అన్నీ అక్కడే. 2014 సెప్టెంబరులో ఆర్కుట్ మూతపడింది. మైస్పేస్‌లో 2015కి ముందు ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. ఒక తరం చిన్న బ్యాండ్ల డెమోలు ఆ దెబ్బకు గాల్లో కలిసిపోయాయి. పుస్తకమైతే ఏ లైబ్రరీలోనో ఒక కాపీ మిగులుతుంది. వీటికి అదీ లేదు.

---

కొత్త_చెవులు

ఇది నాకు అస్సలు తెలీదు అన్నా. మేమైతే ఇంటర్నెట్‌లో పెట్టింది ఎప్పటికీ ఉంటుందనే అనుకుంటున్నాం. మా కాలేజీ బ్యాండ్ రికార్డింగులు అన్నీ ఒకే యాప్‌లో ఉన్నాయి. ఇవాళే దించి పెట్టుకుంటా.

---

వేళచ్చేరి_వయొలిన్

ఒక సహాయం కావాలి. పిన్ని కొడుకుని అడిగితే వాడి దగ్గర పాత సీడీ దొరికింది, వాడు కంప్యూటర్‌లో స్వయంగా రాసుకున్న (బర్న్ చేసుకున్న) సీడీ. అందులో ఎంపీత్రీలు ఉన్నాయి, కానీ సౌండ్ చాలా పల్చగా ఉంది. డ్రమ్స్‌లోని సింబల్ (లోహపు పళ్లెం) కొట్టినప్పుడల్లా నీళ్లలో నుంచి వస్తున్నట్టు వినపడుతోంది. ఒక పాటైతే మధ్యలో ఆగిపోతోంది. అప్పుడు ఇదే విని మురిసిపోయానా అని ఆశ్చర్యంగా ఉంది. ఎవరి దగ్గరైనా మదర్‌జేన్ మొదటి ఆల్బమ్ ‘ఇన్సేన్ బయోగ్రఫీ’ ఉందా?

---

కోరమంగళ_బేస్

అవి 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) ఫైళ్లు అయి ఉంటాయి అక్కా. నిమిషానికి దాదాపు ఒక ఎంబీ అన్నమాట. అప్పట్లో పెన్‌డ్రైవ్‌లు చిన్నవి, నెట్ నెమ్మది, అందరూ అందులోనే పెట్టేవాళ్లు. మాటా, ఒంటి వాయిద్యమూ పర్లేదు గానీ డిస్టార్షన్ గిటార్, సింబల్స్ కలిసి మోగేచోట ఎంపీత్రీ చేతులెత్తేస్తుంది. మీకు నీళ్లలోంచి వచ్చినట్టు వినపడేది అదే. వాటిని పెద్ద సైజుకి మార్చినా పోయింది తిరిగి రాదు, అసలు సీడీ నుంచే మళ్లీ తీయాలి. ఆగిపోతున్న పాట సంగతి వేరే. ఇంట్లో రాసుకునే సీడీల్లో రంగు పూత ఉంటుంది, ఎండకీ వేడికీ అది చెడిపోతుంది. చెన్నై ఎండలకు ఇన్నాళ్లు ఉండటమే గొప్ప. ఇంకోసారి డ్రైవ్‌లో పెట్టే ముందు ఉన్నదున్నట్టు హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసేయండి.

‘మక్తూబ్’ ఒరిజినల్ సీడీ నా దగ్గర ఉంది. ‘ఇన్సేన్ బయోగ్రఫీ’ లేదు, నేనూ వెతుకుతున్నా.

---

మోడరేటర్

చర్చ చాలా బాగుంది, కొనసాగించండి. ఫైళ్లు, డౌన్‌లోడ్ లింకులు మాత్రం ఇక్కడ పెట్టకండి. సొంత సీడీ ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలంటే ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకోండి.

---

బొబ్బిలి_తీగ

నాకు ఇంకో దిగులు ఉంది, ఇక్కడ చెప్పవచ్చో లేదో. కేరళవాళ్లకు ఇలాంటివి ఉన్నాయి, కన్నడంలో రఘు దీక్షిత్, స్వరాత్మ ఉన్నారు. త్యాగయ్య, క్షేత్రయ్య సాహిత్యం మన భాషలో ఉంది, చెన్నై సభల్లో సగం పాట మనదే. అయినా తెలుగు పిల్లలు బ్యాండ్ పెట్టి సొంత పాట రాసి పాడటం చాలా తక్కువ. మాకు సినిమా పాట తప్ప ఇంకోటి ఉంటుందని పిల్లలకు మనమే చూపించలేదు.

---

కొత్త_చెవులు

ఇప్పుడు కొంచెం మారింది ఆంటీ. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ ఉంది, ‘మాయ’, ‘ఊరెళ్లిపోతా మామ’ వినండి. రెగ్గే లాంటి నడకలో పల్లె మాట. ‘ఊరెళ్లిపోతా మామ’ అయితే బెంగళూరులో పీజీల్లో ఉండే తెలుగువాళ్లందరికీ వచ్చు. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోకి వెళ్లాడు.

---

పాత_క్యాసెట్

విన్నాను. మూడు పాటలు. ‘కర్మిక్ స్టెప్స్’ రెండుసార్లు పెట్టించుకున్నాను మా కోడలి చేత. గొంతు బాగుంది ఆ అబ్బాయిది, అరుపు లేదు. డ్రమ్స్ కొంచెం తగ్గిస్తే నాలాంటివాళ్లం కూడా వింటాం. ఆ గిటార్ అబ్బాయి మాత్రం... శ్రీనివాస్ ఉండి ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

---

శంకలు_తీరవు

నేను మొత్తం ఆల్బమ్ వరుసగా విన్నాను. మీ అందరంత మనసు పడలేదు, కొన్ని పాటలు సాగదీసినట్టే ఉన్నాయి. కానీ “మంచి రాక్ పాట, అంతే” అన్న మాట మాత్రం ఇప్పుడు అనను. వేళచ్చేరి గారూ, ఆ సోలో వెంట వయొలిన్ వాయిస్తున్నానన్నారు కదా. రికార్డు చేసి పెట్టగలరా? గమకం గిటార్‌లో ఎలా ఉందో, వయొలిన్‌లో ఎలా మారిందో పక్కపక్కన వినాలని ఉంది.

---

వేళచ్చేరి_వయొలిన్

పెడతాను. ముందు ఒక చోట నా చెయ్యి తిరగడం లేదు. బొబ్బిలి గారు చెప్పిన, ముందే లాగి వదిలే ప్రయోగం ఉంది చూడండి, అది వయొలిన్ మీద జారుతో వాయిస్తే మరీ నున్నగా వస్తోంది. గిటార్‌లో తీగ మెట్టుకు రాసుకుంటూ దిగేటప్పుడు ఉండే ఆ గరుకు రావడం లేదు. విల్లు ఒత్తిడి మార్చి చూస్తున్నాను. బొబ్బిలి గారూ, అదే సంగతిని మీరు వీణ మీద వాయించి నాకు పంపగలరా? గిటార్, వీణ, వయొలిన్ మూడూ పక్కపక్కన పెడదాం. కోరమంగళ తమ్ముడూ, కింద శ్రుతికి నీ బేస్ మీద షడ్జమ పంచమాలు రెండు నిమిషాలు పట్టి పంపు, నాకు మూడో కట్టె శ్రుతి కావాలి, అంటే మీ లెక్కలో ఈ (E).

---

కోరమంగళ_బేస్

ఈ (E) అంటే నా నాలుగో తీగ ఖాళీగానే మోగుతుంది అక్కా, ఇంతకంటే హాయి ఏముంది. ఆదివారం మధ్యాహ్నం మా రూమ్‌లో ఎవరూ ఉండరు, అప్పుడు రికార్డు చేసి పంపుతాను. డిస్టార్షన్ పెట్టి ఒకటి, లేకుండా ఒకటి.

---

బొబ్బిలి_తీగ

నేను సిద్ధం. అయితే నా వీణ శ్రుతి ఈ (E) కాదు, తీగలు ఒక స్వరం పైకి బిగించాలి. పాత తీగలు అంత బిగువు తట్టుకోవు. బెంగళూరులో మంచి వీణ తీగలు ఎక్కడ దొరుకుతున్నాయో ఎవరైనా చెప్పండి, నేను ఇన్నాళ్లూ తంజావూరు నుంచి తెప్పించుకునేదాన్ని.